ఇనుమెత్తిన చేతి నేత

ఆ మిల్లు పైల్వాను వెనక నుంచి నా నడుం పట్టి, గుండెల దాకా ఎత్తి, ఒక్క క్షణం అలాగే ఆపి, జనమంతా చూశారని నమ్మకం కుదిరాక గోదాలో పడేశాడు. ఓడినందుకు నాకు అంత బాధ లేదు. కుస్తీ అన్నాక ఇద్దరిలో ఒకడు వెల్లకిలా పడాల్సిందే. గాలిలో నన్ను అలా ఆపి పట్టుకున్నాడే, అది మాత్రం మింగుడు పడలేదు. అన్నం కలుపుకుంటుంటే గుర్తొచ్చేది, మగ్గం గుంటలో కాళ్ళు పెడుతుంటే గుర్తొచ్చేది. సంతలో కోడిని కాళ్ళు పట్టి ఎత్తి చూపించినట్టు చూపించాడు నన్ను.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. స్వాతంత్ర్యం వచ్చి ఏడెనిమిదేళ్ళయి ఉంటుంది. మేముండేది సోలాపూరు జోడ్‌భావి పేటలో. మా తాత తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడ మగ్గం వేశాడు, ఆ మగ్గం మీదే మేమంతా బతికాం. ఇల్లు మా పెద్దబాపుది, అంటే నాన్నగారి అన్నయ్యది. ముందు గదిలో నాలుగు గుంట మగ్గాలు. వెనక గోడకు ఆనుకుని తాలీం. కుస్తీ నేర్పే చోటును మా వైపు తాలీం అంటారు, నేర్పేవాణ్ణి వస్తాద్ అంటారు. ఆ తాలీంకు వస్తాద్ కూడా మా పెద్దబాపే. పగలు మగ్గం మీద ఆయన మాటే, తెల్లవారుజామున గోదాలోనూ ఆయన మాటే. ఇంక నేను నోరెత్తేది ఎక్కడ?

ఆయన మాట ఒక్కటే. దండీలు, బస్కీలు, తాడెక్కడం, ఒకరితో ఒకరు పట్టు పట్టడం. అంతే. మిగతా తాలీంలలో రాతి గుండ్లు ఎత్తేవారు, గదలు తిప్పేవారు. మా తాలీంలో గద అంటే మారుతి విగ్రహం చేతిలో ఉన్నదే. బయటి బరువు ఏదీ గుమ్మం దాటి లోపలికి రాకూడదు. "మీ బరువు మీరే ఎత్తుర్రి. అదే ఎత్తలేనోడు ఇంకోన్ని ఏం ఎత్తుతడు?" అనేవారు పెద్దబాపు. ఇనుము ముట్టినవాడికి తన గోదాలో చోటు లేదని పేట మొత్తానికీ తెలుసు.

దానికో కారణం ఉంది. మా నాన్న. పెళ్ళయిన కొత్తలో ఎవడితోనో పంతం పడి, పక్క తాలీంలో రాతి గుండు ఎత్తడానికి వెళ్ళాడట. ఎవరైనా చూస్తే నవ్వుతారని, మిట్టమధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు వెళ్ళాడు. గుండు చెయ్యి జారింది, కుడి భుజం జారింది. దాని కింద ఎంతసేపు పడి ఉన్నాడో ఎవరికీ తెలియదు. ఆ చెయ్యి మళ్ళీ చెవి దాకా లేవలేదు. కుడిచేత్తో తాడు గుంజితేనే మగ్గంలో అడ్డం పోగు మోసే నాడె ఉరుకుతుంది. గుంజలేని నేతగాడు ఇంట్లో ఏం చేస్తాడు? కండెలు చుడుతూ కూర్చున్నాడు. నాకు పదేళ్ళున్నప్పుడు నాన్న జ్వరం వచ్చి పోయాడు. అమ్మ బీడీలు చుట్టడం మొదలుపెట్టింది, అప్పటికీ చుడుతూనే ఉంది. మాలో అమ్మను అవ్వ అనే పిలుస్తాం. అవ్వ ఒళ్ళో బీడీల చేట లేకుండా నేను చూసిన రోజు ఒక్కటీ లేదు.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే చేశాను. నాకు కోపం ఎక్కువ, ఆ రోజుల్లో బుద్ధి కన్నా అది ముందు నడిచేది.

ఓడిపోయిన మర్నాడే లెక్క చూసుకున్నాను. రోజుకు ఆరు వందల దండీలు, వెయ్యి బస్కీలు తీసేవాణ్ణి. దమ్ములో ఆ మిల్లువాడు నాకు సాటి రాడు. ఆ రోజు కూడా పావుగంట తరవాత వాడు నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నాడు, నేను ముక్కుతోనే. అయినా వాడి చేతులు నడుం చుట్టూ పడ్డ క్షణంలో నా దండీలన్నీ ఎటు పోయాయో తెలియలేదు. వాడు మిల్లు కూలీలుండే చాళ్ళల్లో ఇనుము ఎత్తుతాడని అందరూ చెప్పుకునేవారు. బొంబాయి నుంచి వచ్చిన ఫిట్టర్ ఒకడు వాళ్ళకు నేర్పాడట. ఇనుము తిన్నవాణ్ణి ఇనుమే కొట్టాలని నాకు తోచింది. ఏడాది తిరిగితే హోట్గి రోడ్డు మైదానంలో మళ్ళీ కుస్తీలు. అయినా ఇనుము ముట్టే ధైర్యం చాలక తొమ్మిది నెలలు దండీలతోనే గడిపాను, వాటి మీద నమ్మకం కుదరలేదు. మూడు నెలలే మిగిలినప్పుడు మా బావ దగ్గరకు వెళ్ళాను.

బావ అంటే అక్క మొగుడు. మిల్లులో పని. మనిషి సన్నగా, నోరు మాత్రం నిండుగా ఉండేది. మొదటి పాళీకి, అంటే పొద్దుటి షిఫ్టుకు వెళ్ళి, మిల్లు సైరను భోంగా కూశాక మధ్యాహ్నం మూడున్నరకల్లా ఇంటికి వచ్చేవాడు. వాళ్ళ పెరట్లో రేకుల చాటున ఒక ఇరుసు ఉండేది. పాత యంత్రాన్ని విప్పి తుక్కు అమ్మినప్పుడు కొనుక్కొచ్చాడు. రెండు చివర్లా పళ్ళ చక్రాలు ఎక్కించి సీలలు బిగించాడు. కొనడమైతే కొన్నాడు కానీ ఎత్తింది తక్కువ. అక్క దాని మీద బట్టలు ఆరేసుకునేది.

"ఏంది బామ్మర్దీ, మీ పెద్దబాపుకు తెలుస్తే నిన్ను కాదు, నన్ను గోదాల పాతిపెడ్తడు" అన్నాడు.

"తెల్వది. నువ్వు చెప్పకుంటె చాలు."

"నేను చెప్ప. నీ జబ్బ చెప్తది. ఆగు, గట్ల నడుం వంచి పట్టకు. బరోబర్ కూసో, బస్కీ తీసినట్టు. మడిమలతోని లెవ్."

లేవలేదు. మొదటిరోజు అది భూమికి అతుక్కున్నట్టే ఉంది. వెయ్యి బస్కీలు తీసే నా కాళ్ళు వణికాయి. నాకు ఏడుపొచ్చినంత పనయింది. రెండోసారి బావ చెప్పినట్టు వెన్ను నిలబెట్టి, ఊపిరి బిగించి, పాదాలతో నేలను కిందికి తొక్కాను. ఇరుసు మోకాళ్ళ దాకా వచ్చింది. బరువును చేతులు ఎత్తవనీ, మడమలు ఎత్తుతాయనీ నాకు అప్పుడు తెలిసింది. దండీలు అన్నేళ్ళుగా నాకు ఈ సంగతి చెప్పలేదు. చెప్పలేవు కూడా. దండీలో బరువు ఎప్పుడూ నాదే, అది నాకు తెలిసిన బరువే. ఇనుము మాత్రం పరాయిది, నా మాట వినదు. ఎదుటివాడి ఒళ్ళు కూడా అంతే కదా.

అలా రోజు విడిచి రోజు వెళ్ళడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం పేటంతా కాసేపు నడుం వాలుస్తుంది, మగ్గాల చప్పుడు పల్చబడుతుంది. ఆ వేళ అక్కను చూసొస్తానని చెప్పి జారుకునేవాణ్ణి. అక్క మీద నాకు అంత ప్రేమ ఎప్పుడు పుట్టుకొచ్చిందని ఎవరూ అడగలేదు. నాలుగున్నరకు తిరిగి వచ్చి గుంటలో కూర్చునేవాణ్ణి.

నెల తిరిగేసరికి తాలీంలో తేడా కనిపించింది. నాతో పట్టు పట్టేవాళ్ళు ముందులా విదిలించుకోలేకపోయేవారు. పెద్దబాపు గట్టు మీద కూర్చుని గడ్డం నిమురుకుంటూ చూసేవారు. నేను కావాలనే పట్టు సడలించేవాణ్ణి. బలం సంపాదించి, దాన్ని దాచుకోవాల్సి రావడం ఎంత నరకమో చెప్పలేను. ఇంకోవైపు దండీల లెక్క పడిపోసాగింది. ఇనుము ఎత్తిన మర్నాడు నాలుగు వందలకే చేతులు బరువెక్కేవి. పెద్దబాపు దగ్గర లేనప్పుడు లెక్కలో యాభై దాటవేసేవాణ్ణి, తరవాత భయమేసి సాయంత్రం ఇంటి వెనక ఆ యాభై తీర్చేవాణ్ణి.

అవ్వ శనివారం శనివారం నాకు నూనె మర్దనా చేసేది. ఒకసారి ఆమె చేతులు మెడ కింద ఆగిపోయాయి. ఇరుసును భుజాల మీద పెట్టుకుని బస్కీలు తీసినందుకు అడ్డంగా నల్లటి గీత పడింది అక్కడ.

"ఇదేందిరా?"

"దోనె మోసిన గద అవ్వా, ఒరుసుకపోయింది."

దోనె అంటే పడుగు చుట్టిన దుంగ. వారం కింద నిజంగానే మోశాను. కానీ దాన్ని ఒక భుజం మీద మోస్తాం, రెండు భుజాల మీద కాదు. నేతగాడి పెళ్ళానికి ఆ సంగతి తెలియదా? అవ్వ ఆ గీత మీద ఎక్కువసేపు నూనె రాసింది.

అబద్ధం ఇంట్లో చెప్పగలిగాను, తాలీంలో చెప్పగలిగాను. మగ్గానికి చెప్పలేకపోయాను.

ఎడమచేత్తో పలకను ముందుకు లాగి కొడితే పేక పోగు వెళ్ళి బట్టలో కూర్చుంటుంది. ఆ దెబ్బ ఒకేలా ఉండాలి. పొద్దున్న ఎంతో, సాయంత్రమూ అంతే. చిన్నప్పటి నుంచీ కొట్టిన దెబ్బ కాబట్టి దాని గురించి ఎవరమూ ఆలోచించం. నేనూ ఆలోచించలేదు. ఇనుము ఎత్తని రోజు నా చేతికి కొత్తగా వచ్చిన బలం నాకు తెలియకుండానే పలకలోకి దిగేది. ఎత్తిన రోజు సాయంత్రం అదే చెయ్యి చచ్చుబడి ఉండేది. ఆ నెలలో నేను నేస్తున్నది తొమ్మిది గజాల ఎర్ర చీర. ఒకరోజు నేసిన బట్టను వెలుతురులోకి తిప్పి చూద్దును కదా, జానెడు దట్టం, తరవాత నాలుగు వేళ్ళు పల్చన, మళ్ళీ దట్టం, మళ్ళీ పల్చన. తల్లి కడుపులో బిడ్డ ఉన్నట్టు నా దొంగతనమంతా బట్టలో ఉంది.

ఇక్కడే నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. పల్చనైన చోటల్లా గంజి పూశాను. గంజి ఆరితే పోగులు బిగుసుకుని మందంగా కనిపిస్తాయి. కంటికి కనిపిస్తాయి, అంతే. ఇరవై ఏళ్ళవాడి బుర్ర అంతకన్నా ముందుకు పోలేదు.

మర్నాడు మధ్యాహ్నం పెద్దబాపు మగ్గం మీంచి చీర కోయడానికి వచ్చారు. ఎప్పటిలా బట్ట విప్పి గుమ్మంలో వెలుతురుకు పట్టారు. చూపు సగం తగ్గింది ఆయనకు, అందుకే కుడి బొటనవేలును అంచు నుంచి అంచుకు నడిపేవారు. ఆ వేలు నడుస్తోంది. గంజి పూసిన చోట ఆగింది. ముందుకు కదిలింది. మళ్ళీ ఆగింది. నేను గుంటలో కాళ్ళు పెట్టుకుని, తెగని పోగును తెగినట్టు ముడివేస్తూ కూర్చున్నాను.

"గంజెందుకు కొట్టినవ్ రా?"

"పోగులు లేస్తున్నయ్ పెద్దబాపు."

"మ్."

వేలితో బట్ట మీద తడుతూ లోలోపల ఏదో లెక్క పెట్టుకున్నారు. పెదవులు కదులుతున్నాయి. సోమారం, బుధారం, శుక్రారం. పల్చన గీతలకు రోజులు కడుతున్నారని నాకు అర్థమయింది. నాలుగు వేళ్ళ పల్చన అంటే సాయంత్రం ఎంతసేపటి నేతో ఆయనకు నాకన్నా బాగా తెలుసు. ఆ రోజుల్లో మధ్యాహ్నం నేను ఎక్కడికి వెళ్ళానో, అక్కడి పెరట్లో ఏముందో ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన చీర మడత పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆ చీర బజారుకు పోయిందనే అనుకున్నాను.

రెండు రోజులు ఏమీ జరగలేదు. తిట్టినా బాగుండేది. మూడోరోజు తెల్లవారుజామున నేను తాలీంకు వెళ్ళేసరికి ఇంకా ఎవరూ రాలేదు. పెద్దబాపు ఒక్కరే గోదాలో మట్టి తవ్వుతున్నారు. మజ్జిగ, నూనె, పసుపు కలిసిన ఆ మట్టి వాసన నాకు ఇప్పుడూ గుర్తే. ఆయన పార పక్కన పెట్టి, వంగి పిడికెడు మట్టి తీసి నా అరచేతిలో పెట్టారు. గోదాలోకి దిగే ముందు ఆ మట్టి కళ్ళకద్దుకోవడం మా అందరికీ అలవాటే. దాన్ని చేతిలో పట్టుకుని మాట చెప్పడం మాత్రం ప్రమాణం.

"ఒక్కసారే అడుగుత. మళ్ల అడగ. ఇనుము ముట్టినవా?"

కుస్తీలకు ఇంకా ఇరవై రోజులు. ముట్టానంటే తాలీం లేదు. తాలీం పేరు లేనివాణ్ణి మైదానంలోకి దిగనివ్వరు. గాలిలో వేలాడిన ఆ క్షణం జన్మంతా నాతోనే ఉండిపోతుంది. ఇదంతా ఆలోచించానని కాదు, నోరే ముందు కదిలింది.

"లేదు పెద్దబాపు."

ఆయన నా ముఖం చూడలేదు. చేతిలో మట్టినే చూశారు.

"సరే. పో, బస్కీలు తియ్."

ఆ తరవాతి ఇరవై రోజులు నేనెలా గడిపానో నాకే తెలుసు. ఆయనకు తెలుసా, తెలియదా? తెలిస్తే ఎందుకు ఊరుకున్నారు? తెలియకపోతే ఆ రోజులు ఎందుకు లెక్కపెట్టారు? మధ్యాహ్నాలు బావ ఇంటికి వెళ్ళడం మానలేదు. అబద్ధం ఎలాగూ ఆడాను, ఇనుము మానితే అబద్ధం కూడా దండగే కదా అని నా తర్కం. మగ్గం మీద మాత్రం పిరికివాడిలా నేశాను. ప్రతి దెబ్బకూ చెవి పెట్టి, కొలిచి కొలిచి కొట్టాను. రోజుకు నేసేది సగానికి సగం పడిపోయింది.

కుస్తీల రోజు ఉదయం ఆయన నన్ను పిలిచి కాగితంలో చుట్టిన పొట్లం ఇచ్చారు. కొత్త లంగోటీ. ఎర్రది. ప్రతి పెద్ద కుస్తీకీ కొత్త లంగోటీ వస్తాదే ఇవ్వడం మా తాలీం పద్ధతి, అందులో వింత లేదు. కట్టుకోబోతూ గుడ్డను అలవాటుగా ఎండకు పట్టాను. దట్టం, పల్చన. దట్టం, పల్చన.

అది నా చీరే. అమ్మలేదు, కోసి కుట్టించారు.

తల తిప్పి చూస్తే ఆయన గుమ్మంలో నిలబడి తలకు ఫేటా చుట్టుకుంటున్నారు. "జల్ది కట్టుకో. టాంగా వచ్చింది" అన్నారు, అంతే.

హోట్గి రోడ్డు మైదానంలో జనం కిటకిటలాడుతున్నారు. ఒకవైపు మిల్లువాళ్ళు, ఒకవైపు మా మగ్గాలవాళ్ళు. మిల్లు పైల్వాను నన్ను చూసి నవ్వాడు. నిరుడుకన్నా లావయ్యాడు, మెడ భుజాల్లో కలిసిపోయింది. మట్టి కళ్ళకద్దుకున్నాను. అరచేతిలో ఆ మట్టి కాలుతున్నట్టే అనిపించింది.

మొదటి పది నిమిషాలు నన్ను కాపాడింది దండీలు. అబద్ధమెందుకు? వాడి బరువంతా నా మెడ మీద వేసి కిందికి నొక్కుతుంటే, చేతులు నేలకు ఆనించి, దండీ తీసినట్టే కిందికి పోయి పైకి లేచాను. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ లేచాను. ఎన్నిసార్లో లెక్క లేదు. వాడి ఊపిరి బరువెక్కడం నా చెవికి వినిపిస్తోంది. నా ఊపిరీ నిరుడున్నంత బాగా లేదు. దాటవేసిన యాభైలన్నీ అప్పుడు గుర్తొచ్చాయి.

వాడు నిరుటి పట్టే వెతికాడు. మెరుపులా నా వెనక్కి చేరి నడుం చుట్టేశాడు. మావాళ్ళ నోళ్ళు పడిపోయాయి. నా పాదాలు నేల వదలబోతున్నాయి. నేను బస్కీలో కూర్చున్నట్టు కిందికి కూలబడ్డాను, మడమలు మట్టిలో దిగేదాకా. బావ పెరట్లో ఇరుసు కింద కూర్చున్నట్టే. వాడు ఎత్తలేకపోయాడు. ఒకసారి, రెండుసార్లు గుంజాడు. మూడోసారి గుంజేలోపు వాడి వేళ్ళు విడదీసి తిరిగాను, కిందికి దూరి రెండు తొడలూ కౌగిలించుకున్నాను.

అప్పుడు కుడి భుజంలో ఏదో కలుక్కుమంది.

మా నాన్న చెయ్యి కళ్ళ ముందు కనపడింది. చెవి దాకా లేవని చెయ్యి. వదిలేద్దామా అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. గట్టు మీద పెద్దబాపు లేచి నిలబడి ఉన్నారు, ఫేటా కొంగు నోట్లో కరిచి పట్టుకున్నారు. వెన్ను నిలబెట్టాను, ఊపిరి బిగించాను, నేలను తొక్కాను. వాడు లేచాడు. ఆ మనిషి, ఆ మెడ, ఆ లావు, అంతా లేచి నా భుజం మీదికి వచ్చింది. నేను వాణ్ణి గాలిలో ఆపలేదు. ఆపాలని ఏడాదంతా కలలు కన్నాను కానీ ఆ క్షణంలో భుజం మీద భయం తప్ప నాకు ఇంకేమీ లేదు. అలాగే ముందుకు పడిపోయాను, వాడు కింద, నేను పైన. వాడి రెండు భుజాలూ మట్టికి అంటుకున్నాయి.

తరవాత గోలే గోల. మావాళ్ళు గోదాలోకి దూకారు. ఎవరో నన్ను ఎత్తారు, ఎవరో పెద్దబాపును ఎత్తారు. "దేఖా క్యా! జోర్, బైఠక్! ఇనుము పని ఏమాయె?" అని అరుస్తున్నారు. మా వైపు దండీని జోర్ అనీ, బస్కీని బైఠక్ అనీ కూడా అంటారు. ముప్పై ఏళ్ళుగా ఆయన చెప్పిన మాట ఆ రోజు అందరి ముందూ గెలిచిందని వాళ్ళ సంబరం. నేను భుజం తిప్పి చూసుకున్నాను. చెయ్యి చెవి దాకా లేచింది. దాటి కూడా లేచింది. ఒక్క క్షణం ఏడుపొచ్చింది.

కుస్తీలు నడిపే పంచ్ పెద్దబాపు దగ్గరికి వచ్చి, అందరికీ వినిపించేలా అడిగాడు. "వస్తాద్, ఈ పోరనితోని దినానికి ఎన్ని జోర్లు కొట్టించినవ్? జర చెప్పు, మా పోరలు గూడ ఇంటరు."

పెద్దబాపు నెమ్మదిగా వంగి, గోదాలోంచి పిడికెడు మట్టి తీసి, నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూశారు.

"వాన్నే అడుగుర్రి" అన్నారు.

మళ్ళీ అడగనని ఆయన నాతో అన్నారు. అడగలేదు కూడా. గోల తగ్గింది. అందరూ నన్నే చూస్తున్నారు. ఇప్పుడు నిజం చెబితే ముప్పై ఏళ్ళ మాట ఆయన ముఖం ముందే పడిపోతుంది. చెప్పకపోతే ఆ మట్టి నా చేతిలోనే ఉంది. ఒంటి మీద ఆ లంగోటీ ఉంది. పెద్దబాపు ఈసారి మట్టిని కాదు, నా ముఖాన్నే చూస్తున్నారు.

"ఆరు వందల జోర్లు" అన్నాను. "ఇనుము గూడ ఎత్తిన. మూడు నెల్లు. రోజు ఇడిచి రోజు."

ఎవరో నవ్వారు. ఎవరో ఛీ అన్నారు. మా పేటవాళ్ళు పెద్దబాపు వైపు చూసి తలలు దించుకున్నారు. మిల్లు పైల్వాను ఒంటి మీద మట్టి దులుపుకుంటూ వచ్చి, మా లోఖండ్, అంటే ఇనుమే గెలిచిందన్నమాట అని మరాఠీలో అని, నన్ను కౌగిలించుకున్నాడు. వాడి మీద నాకున్న కోపం ఎటు పోయిందో తెలియదు. పెద్దబాపు గెలిచినవాడికి కట్టే ఫేటాను పంచ్ చేతిలోంచి తీసుకుని తనే నా తలకు చుట్టారు.

పేట మలుపులో టాంగా దిగాక ఆయన అన్నారు.

"రేపటికెల్లి తాలీంకు రాకు."

నాకు ఒళ్ళు మండింది. "గెలిచిన గద పెద్దబాపు! ఇనుము ముట్టిన, ముట్టినందుకే గెలిచిన!"

"ఇనుముకు కాదు. ఆ ఇరుసు రేపు తెచ్చి తాలీంల పెట్టుమని మీ బావకు మైదానంలనే చెప్పిన. పదిమంది ముందట ఎత్తుతె పట్టుకునెటోడు ఉంటడు. మీ బాపు లెక్క సాటుకు పోయి ఎత్తుతె, మీద పడ్డప్పుడు ఎవ్వడుండడు. మట్టి పట్టుకొని నాకు అబద్ధం చెప్పినవ్. గా మట్టిల ఇగ నీకు జాగ లేదు."

"ఇయ్యాల నిజం చెప్పిన గద?"

"చెప్పినవ్. అందుకే మగ్గం ఉంచిన."

అన్న మాట ఆయన తిప్పుకోలేదు. అవ్వ వెళ్ళి కాళ్ళ మీద పడ్డా తిప్పుకోలేదు. బావ ఇరుసు మా తాలీంలోకి వచ్చింది. ఇద్దరు పక్కన నిలబడితే తప్ప ఎవరూ దాన్ని ఎత్తకూడదని కొత్త నియమం. పొద్దున్నే దండీలు, బస్కీలు, రోజు విడిచి రోజు ఇనుము. గోడకు ఇవతల గుంటలో కూర్చుని నేను నేస్తుంటే, గోడకు అవతల పళ్ళ చక్రాలు నేలకు తగిలిన చప్పుడు వినపడేది. మడమలతో లేవరా, నడుం వంచకు అని పెద్దబాపు అరవడం వినపడేది. అవి బావ మాటలు. నేను నేర్చుకున్న మాటలు. ఎన్నోసార్లు లేచి వెళ్ళి ఆ గోడను తన్నాలనిపించింది, ఒకసారి తన్నాను కూడా, కాలి బొటనవేలు వాచింది.

ఆ తరవాత నేను మళ్ళీ ఏ గోదాలోనూ దిగలేదు. వేరే తాలీంవాళ్ళు పిలిచారు, మనసు ఒప్పలేదు. నా చెయ్యి దెబ్బ కుదుటపడింది, బట్ట మళ్ళీ ఒకేలా రావడం మొదలుపెట్టింది. పెద్దబాపు పోయేదాకా, ఇంకో తొమ్మిదేళ్ళు, ప్రతి మధ్యాహ్నం వచ్చి నేను నేసింది గుమ్మంలో వెలుతురుకు పట్టేవారు. మిగతా మూడు మగ్గాలవాళ్ళను ఎట్లుందిరా అని అడిగేవారు, వాళ్ళు చెప్పింది విని వెళ్ళిపోయేవారు. నా దగ్గర ఏమీ అడిగేవారు కాదు. బొటనవేలు మాత్రం ఈ అంచు నుంచి ఆ అంచుకు నడిపి, బట్టను వదిలేసి వెళ్ళేవారు.